టీచరు రాని రోజు

గుంటూరులో ఆరేళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. నిమిషానికి ఒక బిట్టు. అంతకంటే ఆలస్యమైతే ఎంసెట్‌లో ర్యాంకు పోయినట్టేనని వాళ్ళను తరిమినదాన్ని. పెళ్ళయి టెక్సస్ వచ్చి, ఎనిమిదేళ్ళు వంటింటికీ కూతురి స్కూలుకూ మధ్య తిరిగి, 2024-25 విద్యాసంవత్సరంలో సబ్‌స్టిట్యూట్ టీచరుగా, అంటే టీచరు సెలవు పెట్టిన రోజు ఆ బదులు వెళ్ళే మనిషిగా, చేరాను. మొత్తం 41 రోజులు పనిచేస్తే అందులో 26 రోజులు స్పెషల్ ఎడ్యుకేషన్ తరగతుల్లోనే, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతుల్లోనే గడిచాయి. మా అపార్ట్‌మెంట్లలో భర్త ఉద్యోగం వల్ల వచ్చే హెచ్4 వీసా మీద ఉన్న ఆడవాళ్ళు చాలామంది ‘ఎలా ఉంటుంది, మనం చేయగలమా’ అని అడుగుతున్నారు. పార్కులో నిలబడి ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి వరసగా రాసేద్దామని కూర్చున్నాను. పిల్లల పేర్లు, స్కూళ్ళ పేర్లు రాయను. రాయకూడదు కూడా. చేరేటప్పుడే ఆ మేరకు సంతకం పెట్టించుకున్నారు.

ముందు కాగితాల సంగతి. ఇక్కడ ఉద్యోగం చేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు 2024 మార్చి 11న పోస్టులో వచ్చింది, దరఖాస్తు పెట్టిన ఐదు నెలలకు. టెక్సస్‌లో సబ్‌స్టిట్యూట్‌గా చేయడానికి టీచరు లైసెన్సు ఉండి తీరాలని లేదు. ఏ అర్హత కావాలో స్కూలు డిస్ట్రిక్టులే, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలే నిర్ణయించుకుంటాయి. మా డిస్ట్రిక్టు డిగ్రీ అడిగింది. మన డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమేనని ఒక మదింపు సంస్థ చేత రాయించుకోవాలి. దానికి 185 డాలర్లు. ఆ సంస్థకు మార్కుల జాబితాలు నేరుగా యూనివర్సిటీ నుంచే, సీలు వేసిన కవరులో వెళ్ళాలి. మా తమ్ముడు నాలుగుసార్లు తిరిగి ఆ కవరు పంపించేసరికి తొమ్మిది వారాలు పట్టింది. జూలై 9న దరఖాస్తు పెట్టాను, 29న వేలిముద్రలు ఇచ్చాను. దానికి ఇంచుమించు 50 డాలర్లు. పది రోజుల తర్వాత ముద్రలు సరిగా పడలేదని ఈమెయిల్ వచ్చింది. గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయి ఉంటాయని మా ఆయన నవ్వారు. నవ్వింది ఆయన, తోమింది నేను. వారం రోజులు రాత్రిపూట చేతులకు లోషన్ రాసుకుని రమ్మని ముద్రలు తీసే కేంద్రంలోని అమ్మాయి చెప్పింది. అలాగే చేసి ఆగస్టు 14న మళ్ళీ ఇస్తే ఆమోదించారు. మీరు మొదటిసారికే రాసుకుని వెళ్ళండి.

ఆగస్టు 21న మూడు గంటల ఓరియెంటేషన్. అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు కేటాయించింది నాలుగు స్లైడ్లు. వాటిలో నాకు గుర్తున్నది ఒక్కటే. పిల్లలు అదుపు తప్పితే మీరు చేతులతో పట్టి ఆపవద్దు, దానికి శిక్షణ పొందినవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళను పిలవండి. మిగతాదంతా బ్యాడ్జీ ఎక్కడ తగిలించుకోవాలి, కారు ఎక్కడ పెట్టాలి.

పని దొరికేది ఫోనులోని ఒక యాప్ ద్వారా. ఏ టీచరైనా సెలవు పెట్టగానే ఆ ఖాళీ అందులో కనిపిస్తుంది. రెండో తరగతి, ఐదో తరగతి లాంటివి కనిపించిన మూడు నాలుగు సెకన్లలోనే ఎవరో ఎగరేసుకుపోతారు. నా వేలు తెర మీదికి వెళ్ళేలోపే అయిపోయేవి. సెప్టెంబరు నెలంతా కలిపి మూడు రోజులే దొరికాయి. ఒక్క రకం ఖాళీలు మాత్రం ఉదయం ఆరున్నరకు కూడా ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉండేవి. అవే స్పెషల్ ఎడ్యుకేషన్ ఖాళీలు. పైగా మామూలు తరగతికి రోజుకు 110 డాలర్లయితే వీటికి 125. సేవాభావంతో వెళ్ళానని చెబితే అబద్ధమవుతుంది. పదిహేను డాలర్లు ఎక్కువని, పోటీ లేదని వెళ్ళాను.

2024 అక్టోబరు 8, మంగళవారం. ఎలిమెంటరీ స్కూల్లో ఒక ప్రత్యేక గది. కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి వయసు దాకా ఏడుగురు పిల్లలు, ఇద్దరు సహాయకులు. వీళ్ళను అక్కడ అందరూ ‘పారా’ అంటారు. ఒకావిడకు అరవై దాటి ఉంటాయి, పదిహేడేళ్ళుగా అదే పనిలో ఉన్నారు. ఇంకొకరు కాలేజీ ముగించి ఏడాదైన అబ్బాయి. టీచరు బల్ల మీద ఎర్ర ఫోల్డరు, అందులో తొమ్మిది పేజీల సూచనలు. ఎవరికి వేరుశనగ పడదు, ఎవరికి మూర్ఛ వస్తే ఎంతసేపు చూసి నర్సును పిలవాలి, ఎవరు తలుపు తెరిచి ఉంటే పరుగెడతారు, అన్నీ ఉన్నాయి. నేను పాఠం ఉన్న పేజీ మాత్రం చదివాను. ఒకటి నుంచి ఐదు దాకా వస్తువులు లెక్కపెట్టడం. ఎమ్మెస్సీ లెక్కలు చదివినదాన్ని, ఇదొక లెక్కా అనుకున్నాను.

ఇక్కడ ఉదయం గంట కాగానే మైకులో అమెరికా జెండాకు ఒక ప్రతిజ్ఞ, టెక్సస్ జెండాకు ఇంకో ప్రతిజ్ఞ, ఆ పైన ఒక నిమిషం మౌనం ఉంటాయి. ఆ గదిలో ఆ నిమిషం మౌనం ఎలా ఉంటుందో చూస్తేగాని తెలియదు. ఒకరు గుండ్రంగా తిరుగుతున్నారు, ఒకరు సన్నగా కూనిరాగం తీస్తున్నారు, ఒకమ్మాయి నా చేతి గాజులకు చెవి ఆనించి నిలబడింది. అయినా ఎవరూ ఎవరినీ కసరలేదు. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే పెద్ద తప్పు చేశాను.

తెల్లబోర్డు మీద ఎడమవైపు పై నుంచి కిందిదాకా లామినేట్ చేసిన బొమ్మలు వెల్క్రోతో అతికించి ఉన్నాయి. పుస్తకం, పళ్ళెం, ఉయ్యాల, బస్సు. పాఠం రాయడానికి చోటు చాలదని వాటిని ఒక్కొక్కటే పీకి చక్కగా దొంతర పేర్చి బల్ల మీద పెట్టాను. నాలుగో బొమ్మ పీకేసరికి వెనక నుంచి ఒక కేక. పసుపు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అప్పటిదాకా కిటికీ పక్కన బుద్ధిగా కూర్చున్న బాబు నేల మీద పడి తన ముంజేతిని తానే కొరుక్కుంటున్నాడు. నేను దగ్గరకు వెళ్ళి, మన ఇళ్ళల్లో పిల్లలను సముదాయించినట్టే గబగబా మాట్లాడాను. ఏమైంది నాన్నా, ఏం కావాలి, ఇదిగో స్టిక్కరు, ఇదిగో నీళ్ళు. మాట మాటకూ వాడి కేక పెరిగింది. పెద్దావిడ వచ్చి నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నారు. దీపాలు సగం ఆర్పేశారు. వాడి తలకింద మెత్త పెట్టి, ఏమీ మాట్లాడకుండా కాస్త దూరంగా నేల మీద కూర్చున్నారు. వాడు నెమ్మదించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ కుర్ర పారా మిగతా ఆరుగురినీ చూసుకున్నాడు. నేను బొమ్మల దొంతర పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నం ఆవిడ కోపం లేకుండానే చెప్పారు. “మీరు పీకింది బొమ్మలు కాదు, వాడి రోజు. పొద్దున తలుపు తెరవగానే వాళ్ళ టీచరు లేదు. అదే వాడికి పెద్ద దెబ్బ. పోనీలే, తర్వాత ఏం జరుగుతుందో బోర్డు మీద ఉంది కదా అని కూర్చున్నాడు. మీరు దాన్ని కూడా తీసేశారు.” మాటలతో రోజును పట్టుకోలేని పిల్లలకు ఆ బొమ్మల వరసే ఆధారం. ఒక పని కాగానే ఆ బొమ్మను వాళ్ళే తీసి కింద ఉన్న ‘అయిపోయింది’ అనే సంచీలో వేస్తారు. బస్సు బొమ్మ మిగిలిందంటే ఇంటికి వెళ్ళే వేళ.

ఆ రోజు ఇంటికి వచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. మా అమ్మాయికి వినిపించకూడదని. మళ్ళీ వెళ్ళనని మా ఆయనతో చెప్పాను. ఆయన “సరే” అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

జీతం గురించి ఇక్కడే చెప్పేస్తాను. సెప్టెంబరులో చేసిన మూడు రోజుల డబ్బు అక్టోబరు 25న చేతికి వచ్చింది. లెక్క చూసుకుంటే తక్కువ ఉంది. మా డిస్ట్రిక్టులో తాత్కాలిక ఉద్యోగులకు సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షను పథకానికి బదులు 7.5 శాతం కోసి వేరే పొదుపు ఖాతాలో వేస్తారట. మన డబ్బే, కాని అప్పుడే తీసుకోలేం. పైగా ఆదాయపు పన్ను. మదింపు, వేలిముద్రలు, బూట్లు, పెట్రోలు అన్నీ వేసుకుంటే డిసెంబరు వరకు నాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. బూట్లకు 60 డాలర్లు ఎందుకంటే ఆ గదుల్లో రోజంతా నిలబడాలి, మధ్యమధ్య పరుగెత్తాలి. మడమల చెప్పులతో వెళ్ళకండి.

సరే, మళ్ళీ ఎందుకు వెళ్ళానంటే, ఆ ఫోల్డరు. మిగతా ఎనిమిది పేజీలు చదవకుండా క్లాసులోకి వెళ్ళిన సిగ్గు నన్ను వదల్లేదు. చదవకుండా పరీక్షకు వచ్చిన పిల్లలను నేను ఎన్ని మాటలు అని ఉంటానో. అక్టోబరు 22న అదే గది యాప్‌లో మళ్ళీ కనిపించింది. తీసుకున్నాను. గంట కాకముందే నలభై నిమిషాలు ముందు వెళ్ళి పేజీలన్నీ చదివాను, చదివాక పెద్దావిడను అడిగాను. “ఇవాళ నేను ఏం చేయకూడదో చెప్పండి.” ఆవిడ ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. నాలాంటి సబ్‌స్టిట్యూట్‌లు, ఇక్కడి మాటలో సబ్‌లు, వచ్చి ఆవిడకే పనులు పురమాయించడం మామూలట. పదిహేడేళ్ళ అనుభవం ఉన్న మనిషిని పక్కన పెట్టి నాలుగు స్లైడ్లు చూసివచ్చిన మనిషి పెత్తనం చేయడం ఎంత అన్యాయమో ఆ రోజు తట్టింది. జీతంలో కూడా తేడా ఉంది. సంవత్సరమంతా ఆ పిల్లల మలమూత్రాలు ఎత్తి శుభ్రం చేసే పారాల జీతాన్ని రోజులవారీగా లెక్కిస్తే నాకు ఇచ్చినంత కూడా రావడం లేదని తర్వాత తెలిసింది.

ఆ రోజు మొదటి పని, హెడ్‌ఫోన్ల బాబు వచ్చేలోపే బొమ్మల వరసలో పైన ఒక కొత్త కార్డు పెట్టడం. ఎర్రటి చుక్కల గుర్తు. దాని అర్థం ‘మార్పు’. ఇవాళ ఒకటి వేరుగా ఉంటుంది అని ముందే చెప్పడం. వాడు వచ్చి కార్డు చూశాడు, నన్ను చూశాడు. వాడి దగ్గర మాటలు పలికే ఐప్యాడ్ ఉంది. బొమ్మ నొక్కితే గొంతు వస్తుంది. దాన్ని తీసి ‘వేరే’ అని నొక్కాడు. ‘వేరే, వేరే, వేరే.’ నాకు ఏం చేయాలో తెలియలేదు. “అవును, వేరే టీచరు అని చెప్పండి చాలు” అన్నారు ఆవిడ. చెప్పాను. వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు.

పాఠం అదే, ఐదు లోపు లెక్క. పాఠం అంటే ఏడుగురికీ కలిపి చెప్పేది పది నిమిషాలకు మించదు. మిగతాదంతా గుర్రపు నాడా ఆకారంలో ఉన్న బల్ల దగ్గర ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని ఐదేసి నిమిషాలు. ముందు ఏం చేయాలి, తర్వాత ఏం దొరుకుతుంది అని రెండు గడులున్న చిన్న కార్డు పక్కన ఉంటుంది. ముందు ఎలుగుబొమ్మలు లెక్కపెట్టు, తర్వాత బుడగలు. రెండో గడిలో పెట్టింది తప్పకుండా ఇవ్వాలి. ఒకసారి మాట తప్పితే ఆ రోజుకు మీ కార్డు ఎవరూ నమ్మరు.

ఒకమ్మాయి ముందు మూడు ఎలుగుబొమ్మలు పెట్టి ఎన్ని అని అడిగాను. రెండు సెకన్లు చూసి, నాకు ఆగక, “మూడు కదా” అనేశాను. మళ్ళీ అడిగాను, మళ్ళీ నేనే చెప్పాను. పెద్దావిడ బల్ల కింద నుంచి నా మోకాలిని తట్టి, తన చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూపించారు. పది దాకా ఆగమని. మధ్యలో ప్రశ్న మళ్ళీ అడగవద్దు, ‘చెప్పమ్మా’ అని కూడా అనవద్దు. ప్రశ్నను ఆ పిల్ల లోపల పోగు చేసుకుంటూ ఉంటుంది, మనం మళ్ళీ అడిగితే పోగు చేసిందంతా చెదిరి మొదటికి వస్తుంది. సరే, మనసులో తెలుగులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర నాకు చెమట పట్టింది. గుంటూరులో నా క్లాసులో పది సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే ప్రిన్సిపాల్ కిటికీలోంచి తొంగి చూసేవారు. ఎనిమిది అనుకునేసరికి ఆ పిల్ల చెయ్యి లేచింది. అయిదు అంకెల కార్డుల్లోంచి 3 తీసి నా చేతిలో పెట్టింది. నేను గట్టిగా అరిచి చప్పట్లు కొట్టబోయాను. అదీ చేయకూడదట, ఆ పిల్లకు చప్పట్ల శబ్దం పడదు. బుడగలు ఊదాను.

ఇంకో పాఠం నేను నేర్చుకున్నది మూడో నాలుగో సారి వెళ్ళినప్పుడు. ప్రతి పిల్లకూ ఐఈపీ అని ఒక పత్రం ఉంటుంది. ఈ ఏడాది ఆ పిల్ల ఏం సాధించాలో అందులో రాసి ఉంటుంది. టెక్సస్‌లో ఏఆర్‌డీ అనే కమిటీలో తల్లిదండ్రులు, టీచర్లు కూర్చుని రాసుకుంటారు. 1975లో వచ్చిన కేంద్ర చట్టం కింద వచ్చిన హక్కు అది. మనకు తీరికుంటే చేసేది కాదు. సబ్ వచ్చినా ఆ లక్ష్యాల మీద పని ఆగకూడదు, ఎంత వచ్చిందో కాగితం మీద నమోదు చేయాలి. సొంతంగా చేస్తే ఒక గుర్తు, మాటతో అందిస్తే ఒక గుర్తు, చెయ్యి పట్టి చేయిస్తే ఒక గుర్తు. నేను ఒక బాబుకు ఐదుకు ఐదూ సొంతంగా చేసినట్టు వేసి మురిసిపోతూ ఉంటే కుర్ర పారా నవ్వుతూ, “వాడు కార్డులు చూడటం లేదండీ, మీ కళ్ళు చూస్తున్నాడు” అన్నాడు. నిజమే. అడిగిన వెంటనే నా చూపు సరైన కార్డు మీదికి వెళుతోంది. వాడు నా చూపును అనుసరించి తీస్తున్నాడు. చూపు గోడ గడియారం మీద పెట్టి మళ్ళీ అడిగితే ఐదుకు రెండు. మార్కులు తగ్గాయని నాకు బాధేసింది కాని, ఆ కాగితం చూసి వచ్చే వారం టీచరు వాడిని తర్వాతి మెట్టుకు తీసుకువెళితే వాడి గతి ఏమిటి? ఒక్కరోజు సబ్ వేసిన దొంగ మార్కు ఆ పిల్లవాడి ఏడాదిని తప్పుదారి పట్టించగలదు. కొట్టేసి మళ్ళీ రాశాను.

నా యాస గురించి భయపడ్డాను. అనవసరం. ఒక బాబు విన్నది విన్నట్టు తిరిగి అంటాడు. నేను ‘వాట్ ఈజ్ దిస్’ అంటే వాడూ అంటాడు, అచ్చం నాలాగే, ఆ ‘వ’ను పళ్ళతో నొక్కి మరీ. మూడోసారికి అమెరికా పిల్లవాడి నోట గుంటూరు ఇంగ్లీషు విని పారాలిద్దరూ పొట్ట పట్టుకున్నారు. వాడు ప్రశ్నను తిరిగి అన్నాడంటే వెక్కిరించినట్టు కాదు, జవాబు ఎలా ఇవ్వాలో తెలియలేదని. అప్పుడు ప్రశ్న మానేసి, జవాబు మొదటి ముక్క నేనే అంటాను. “ఇది...” అని ఆపితే, “పిల్లి” అని పూర్తి చేస్తాడు.

గాజుల సంగతి చెప్పాను కదా. ఆ అమ్మాయికి మట్టిగాజుల చప్పుడు ప్రాణం. రెండు అక్షరాలు దిద్దితే ఒకసారి గలగలలాడించడం అని మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. కాని అదే చప్పుడు ఇంకొకరికి చెవిలో సూది. అందుకని గాజులు సంచీలో పెట్టుకుని, ఆ పిల్ల వంతు వచ్చినప్పుడే రెండు తొడుక్కునేదాన్ని. లోలాకులు, చున్నీ వద్దు, గుంజుతారు. మంగళసూత్రం కాలరు లోపల. పొడుగు చేతుల చొక్కా, గోళ్ళు గీరుకోకుండా. ఇంకొకటి, నా మధ్యాహ్నం డబ్బాలో ఇంగువ పులిహోర. మూత తీయగానే ఒక బాబు ముక్కు మూసుకుని గది అవతలి మూలకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ తర్వాత పెరుగన్నమే తీసుకువెళ్ళాను. తినడానికి అరగంట అని కాగితం మీద ఉంటుంది. నాకు పదిహేను నిమిషాలు దొరికితే గొప్ప.

డిసెంబరు 3న మిడిల్ స్కూలుకు వెళ్ళాను. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు. అక్కడి లెక్కల పాఠం నాకు చాలా నచ్చింది. అంగడిలో వస్తువు ధర 3 డాలర్ల 49 సెంట్లు. దశాంశాలు, చిల్లర లెక్క ఏమీ చెప్పరు. ముందున్న అంకె చూడు, ఒకటి కలుపు, నాలుగు నోట్లు ఇవ్వు. అంతే. దశాంశాల దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయిన పిల్లవాడు ఆ కిటుకుతో దుకాణానికి వెళ్ళి తనంతట తాను చిప్స్ పొట్లం కొనుక్కోగలడు. నేను జీవితంలో చెప్పిన అన్ని షార్ట్‌కట్లలోనూ ఇంత ఉపయోగపడేది ఇంకొకటి లేదు. అయితే అక్కడే, ఒక పారా రాలేదు, ఒక పెద్ద పిల్లను బాత్రూముకు తీసుకువెళ్ళడానికి రెండో మనిషిగా తోడు రావాలని నన్ను అడిగారు. ఆ పిల్ల నా ఎత్తు ఉంది. చేతికి తొడుగులు వేసుకుంటుంటే నా వేళ్ళు వణికాయి. ఆ పారా మాత్రం, “ఇప్పుడు నీ నడుము పట్టీ విప్పుతున్నాను, సరేనా” అని ప్రతి పనీ ఆ పిల్లకు ముందే చెప్పి, ఆమె తల ఊపాకే చేసింది. ఐదు నిమిషాల పని పదిహేను నిమిషాలు పట్టింది. ఇది అందరూ చేయగలరని నేను చెప్పను. ఖాళీ తీసుకునే ముందు ఆ గదిలో ఇలాంటి పని ఉంటుందో లేదో స్కూలు ఆఫీసుకు ఫోను చేసి అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

అలాంటి ఒక రోజు సాయంత్రం తెనాలికి ఫోను చేస్తే అమ్మ, “పాఠాలు చెప్పడానికి వెళ్ళి ఇవన్నీ చేస్తున్నావుటే?” అంది. కాసేపు ఊరుకుని, “మన పెద్దమావయ్య కొడుకు కూడా అగ్గిపెట్టెలు వరసగా పేర్చేవాడు, గుర్తుందా” అంది. గుర్తుంది. పెళ్ళిచూపులవాళ్ళు వస్తే వాణ్ణి వెనకగదిలో పెట్టి గొళ్ళెం వేసేవాళ్ళం. గొళ్ళెం వేసినవాళ్ళలో ఒకసారి నేనూ ఉన్నాను. ఆ అగ్గిపెట్టెల వరసలో ఎవరైనా చెయ్యి పెడితే వాడు తల గోడకేసి కొట్టుకునేవాడు. మొండివాడు అనేవాళ్ళం. వాడికిప్పుడు నలభై దాటాయి. అమ్మతో ఏమీ అనలేక ఫోను పెట్టేశాను.

కెమెరా గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను. ఒక గదిలో పైమూలన నల్లటి గుండ్రటి కెమెరా ఉంది. టెక్సస్‌లో 2015లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి ప్రత్యేక గదుల్లో తల్లిదండ్రులు రాసి అడిగితే కెమెరా పెట్టి తీరాలి. మొదటి గంట దానివైపు చూడకుండా ఉండలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే, ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పలేని పిల్లల అమ్మ నేనే అయితే మొదటి రోజే అడిగేదాన్ని.

2025 ఫిబ్రవరి 11న ఫైర్ డ్రిల్. తేదీ ఫోల్డరులో ఉంది, 10:15కు అని. ఈసారి చదివాను. పది గంటలకే బొమ్మల వరసలో ఎర్ర గంట కార్డు పెట్టి, అందరికీ హెడ్‌ఫోన్లు తగిలించి, తాడు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాం. గంట 10:27కు మోగింది. పన్నెండు నిమిషాలు ఏడుగురు పిల్లలను తలుపు దగ్గర నిలబెట్టడం ఏమిటో చేసినవాళ్ళకే తెలుసు. ముగ్గురు ఏడ్చారు, ఒకరు తాడు వదిలేసి పరుగెత్తబోతే కుర్రాడు అడ్డం వెళ్ళి నిలబడ్డాడు. బయటకు వెళ్ళాక తిరిగి లోపలికి రావడానికి హెడ్‌ఫోన్ల బాబు ఒప్పుకోలేదు. కార్డుల్లో ‘బయటకు వెళ్ళడం’ ఉంది, ‘లోపలికి రావడం’ పెట్టడం నేను మరిచిపోయాను. చలిలో పావుగంట వాడితో గడ్డి మీద కూర్చున్నాను. మాట్లాడకుండా కూర్చోవడం అప్పటికి వచ్చింది.

వెళ్ళేముందు టీచరుకు చీటీ రాసిపెట్టడం కూడా నేర్చుకున్నాను. మొదట్లో ‘అందరూ చాలా బాగున్నారు, థాంక్యూ’ అని రాసేదాన్ని. దానివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఇప్పుడు ఎవరు ఎంత తిన్నారు, ఎవరు ఏ సమయానికి ఎందుకు ఏడ్చారు, దానికి ముందు ఏం జరిగింది, ఏ కార్డు దొరకలేదు, నేను ఏం తప్పు చేశాను, అన్నీ రాస్తాను. మార్చిలో ఆ ఏడుగురు పిల్లల గది టీచరు స్కూలు ఆఫీసులో నన్నే పంపమని అడగడం మొదలుపెట్టింది. తను సెలవు పెడితే యాప్‌లో పెట్టకముందే నాకు ఫోను వచ్చేది. ఒకరే మళ్ళీ మళ్ళీ వస్తే పిల్లలకు అదొక అలవాటు అవుతుంది కదా.

ఏప్రిల్ 15న వెళ్ళేసరికి పెద్దావిడ నన్ను గోడ దగ్గర నిలబెట్టి ఫోనులో ఫోటో తీశారు. నవ్వవద్దు, రోజూ ఉండే ముఖం పెట్టండి అన్నారు. మధ్యాహ్నానికి అది అగ్గిపెట్టెంత కార్డు అయి, లామినేట్ అయి, వెనక వెల్క్రోతో వచ్చింది. బోర్డు మీద అన్నింటికంటే పైన, టీచరు ఫోటో ఉండే చోట పెట్టారు. ఎర్ర చుక్కల మార్పు కార్డు తీసేశారు. హెడ్‌ఫోన్ల బాబు వచ్చి దాన్ని చూశాడు, వేలితో ఒకసారి రుద్దాడు, తన చోటికి వెళ్ళిపోయాడు. ఐప్యాడ్ తీయలేదు.

మధ్యాహ్నం 2:50కి బస్సు బొమ్మ ఒక్కటే మిగిలింది. వాడు సంచీ తగిలించుకుని బోర్డు దగ్గరకు వచ్చాడు. బస్సు బొమ్మ తీసి ‘అయిపోయింది’ సంచీలో వేశాడు. ఒక్క క్షణం ఆలోచించి, పైకి చెయ్యి చాచి, నా ఫోటో కూడా పీకి అందులో వేసి బస్సెక్కడానికి వెళ్ళిపోయాడు.